సాఫ్ట్‌వేర్లు వేరైనప్పుడు పత్ర సహరచన

ఒకే పత్రం మీద పనిచేసే వాళ్లందరూ ఒకే సాఫ్ట్‌వేర్ వాడటం అరుదు. పరిశోధక విద్యార్థి లేటెక్‌లో రాస్తాడు, గైడుగారు వర్డ్‌లో తప్ప దిద్దరు. కథకుడు ఫోన్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపుతాడు, సంపాదకురాలు దాన్ని గూగుల్ డాక్స్‌లో పెట్టుకుని దిద్దుతుంది, డీటీపీ ఆపరేటర్ పేజ్‌మేకర్‌లోకో ఇన్‌డిజైన్‌లోకో ఎక్కిస్తాడు. ఇలా చేతులు మారేటప్పుడు పత్రంలో ఏది నిలుస్తుంది, ఏది రాలిపోతుంది అన్నది ఈ వ్యాసం విషయం. ఇంగ్లిషు పత్రాల్లో రాలిపోయేది సాధారణంగా పైపై సొగసు. అక్షరాలకు ఢోకా ఉండదు. తెలుగులో చాలాకాలం అక్షరాలకే గ్యారంటీ లేదు. కాబట్టి ఇంగ్లిషు పత్రాల కోసం తయారైన సలహాలు తెలుగు పత్రాలకు సగమే పనికొస్తాయి.

ఫైలు పొట్టలో ఏముంటుంది

వర్డ్ దాచే డాక్స్ (.docx) రకం ఫైలు పేరు చివర ‘జిప్’ అని మార్చి విప్పి చూస్తే లోపల ఒక చిన్న సంసారమే కనిపిస్తుంది. అసలు పాఠం ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఉంటుంది, శైలుల పట్టిక ఇంకోదాంట్లో, మార్జిన్‌లో రాసిన వ్యాఖ్యలు మరోదాంట్లో, బొమ్మలు ఒక ఫోల్డర్‌లో. లిబ్రెఆఫీస్ సొంత ఫార్మాటైన ఓడీటీ కూడా ఇలాంటి జిప్ మూటే, కాకపోతే లోపలి సర్దుబాటు వేరు. పని కోసం దీన్నంతా మూడు పొరలుగా చూడొచ్చు: పాఠం, రూపం, దిద్దుబాట్ల చరిత్ర. సాఫ్ట్‌వేర్ మారినప్పుడు ఈ మూడూ ఒకే తీరుగా ప్రయాణించవు.

మూడో పొర అన్నిటికంటే సున్నితమైనది. వర్డ్‌లో ట్రాక్ చేంజెస్ పెట్టి ఒక మాట కొట్టేస్తే అది ఫైలులోంచి పోదు. ఎవరు ఎప్పుడు కొట్టేశారో రాసిన చీటీతో అక్కడే ఉంటుంది. లిబ్రెఆఫీస్ ఆ చీటీలను చదవగలదు, తిరిగి రాయగలదు. గూగుల్ డాక్స్ వాటిని తన ‘సూచనలు’గా మార్చుకుంటుంది. ఈ మూడింటి మధ్య వాక్యాల్లో మాటల మార్పులు బాగానే తిరుగుతాయి. పట్టికలో ఒక వరస తీసేసినా, పేరాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపినా మాత్రం చిక్కు మొదలవుతుంది, ఎందుకంటే ‘జరపడం’ అనేదాన్ని ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా అర్థం చేసుకుంటుంది. చిక్కుల్లేకుండా దాటించాలంటే పాత పద్ధతే మేలు: దిద్దుబాట్లన్నీ ఆమోదించో తిరస్కరించో శుభ్రమైన ప్రతి పంపడం, వ్యాఖ్యలతో ఉన్న ప్రతిని పక్కన దాచుకోవడం.

రూపం దగ్గర అసలు దోషి చాలాసార్లు ఫాంటు. ఒకరి దగ్గరున్న ఫాంటు ఇంకొకరి కంప్యూటర్‌లో లేకపోతే సాఫ్ట్‌వేర్ దగ్గరి చుట్టాన్ని వెతికి తెస్తుంది. ఆ చుట్టం అరవెంట్రుక వాసి వెడల్పుగా ఉన్నా పంక్తులు విరిగేచోట్లు మారి, 40వ పేజీలో ఉండాల్సిన పట్టిక 41వ పేజీకి జారుతుంది. ఇంగ్లిషుకు దీని మందు ఉంది. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ ఫాంట్ల కొలతలకు అచ్చంగా సరిపోయే లిబరేషన్ ఫాంట్లను రెడ్‌హ్యాట్ 2007లో విడుదల చేసింది. కాలిబ్రికి కార్లిటో, కేంబ్రియాకు కాలడియా తర్వాత వచ్చాయి. తెలుగుకు అలాంటి జతలు లేవు. విండోస్ ఎక్స్‌పీ నాటి గౌతమికీ, తర్వాత వచ్చిన నిర్మలకూ, మ్యాక్‌లోని కోహినూర్ తెలుగుకూ, లినక్స్‌లోని లోహిత్‌కూ కొలతల్లో పొంతన లేదు. గౌతమి పంక్తుల మధ్య వదిలే ఖాళీలో ఇంకో పంక్తి పట్టేలా ఉంటుందని విసుక్కున్న వాళ్లు చాలామంది. సురవరం, మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, గిడుగు, గురజాడ వంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంట్లు రావడం వల్ల పని కొంత తేలికైంది. పనిచేసే వాళ్లంతా వీటిలో ఒకదాన్ని ఎంచుకుని తమ తమ యంత్రాల్లో పెట్టుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

తెలుగు వాళ్లకు ఎదురయ్యే ఇంకో వింత ఉంది. వర్డ్ ప్రతి శైలిలోనూ ఒకటి కాదు, అనేక ఫాంట్ల పేర్లు దాచుకుంటుంది: లాటిన్ లిపికి ఒకటి, చైనా, జపాన్ లిపులకు ఒకటి, ‘సంక్లిష్ట లిపుల’కు ఒకటి. తెలుగు ఈ చివరి గదిలోకి వస్తుంది. సైజు, బొద్దుతనం కూడా ఈ గదికి వేరుగా నమోదవుతాయి. కాబట్టి ఎవరో మిత్రుడు శైలిలో లాటిన్ ఫాంటు మార్చి, 12 పాయింట్లు పెట్టి, ‘సరిచేశాను’ అని పంపిస్తే ఇంగ్లిషు మాటలే మారతాయి, తెలుగు అక్షరాలు ఎక్కడివక్కడే ఉంటాయి. లిబ్రెఆఫీస్‌లో ఈ మూడు గదులూ శైలి పెట్టెలో పక్కపక్కనే కనబడతాయి. ఈ ఒక్క విషయంలో అది వర్డ్ కంటే నిజాయతీగా ఉంటుంది.

ఫార్మాట్ల కథ

వర్డ్ 97 నుంచి 2003 దాకా వాడిన డాక్ ఫార్మాట్ ద్వియాంక రూపంలో ఉండేది. దాని లోపలి వివరాలను మైక్రోసాఫ్ట్ అందరికీ తెరిచింది 2008లో. అంతవరకూ మిగతా సాఫ్ట్‌వేర్లు దాన్ని పరిశీలించి ఊహించి చదివేవి. దేనికైనా దాటించడానికి 1987 నాటి ఆర్‌టీఎఫ్ మధ్యవర్తిగా ఉండేది. 2005 మేలో, ఓడీటీ ఫైళ్లకు ఆధారమైన ఓడీఎఫ్‌ను ఒయాసిస్ సంస్థ ప్రమాణంగా ఆమోదించింది, మరుసటి ఏడు ఐఎస్ఓ ముద్ర పడింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2005లోనే ప్రభుత్వ పత్రాలకు బహిరంగ ఫార్మాట్లు కావాలనేసరికి పెద్ద రచ్చ జరిగింది. మైక్రోసాఫ్ట్ తన డాక్స్ ఫార్మాట్‌ను 2006 డిసెంబరులో ఎక్మా ప్రమాణంగా, 2008లో ఐఎస్ఓ ప్రమాణంగా తెచ్చింది. ఆఫీస్ 2007కు 2009లో ఇచ్చిన రెండో సర్వీస్ ప్యాక్‌తో వర్డ్ కూడా ఓడీటీ చదవడం, రాయడం మొదలుపెట్టింది.

ఇటు ఓడీఎఫ్ పుట్టింట్లోనూ మార్పులు వచ్చాయి. జర్మనీలో పుట్టిన స్టార్‌ఆఫీస్‌ను సన్ అనే కంపెనీ 1999లో కొంది, మరుసటి ఏడు ఓపెన్‌ఆఫీస్ పేరుతో దాని మూలం బయటపెట్టింది. ఒరాకిల్ 2010లో సన్‌ను కొన్నాక, అదే ఏడు సెప్టెంబరులో చాలామంది డెవలపర్లు విడిపోయి లిబ్రెఆఫీస్ పెట్టుకున్నారు. ఈ కొనుగోళ్ల చరిత్రంతా పత్రాలు రాసుకునే వాళ్లకు అక్కర్లేదు కానీ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: ప్రమాణం ఒకటే అయినా దాన్ని చదివే సాఫ్ట్‌వేర్లు వేరు. కాగితం మీద రాసిన రాగం ఒకటే, పాడే గొంతులు వేరు.

అచ్చు తెలుగు, అచ్చులో లేని తెలుగు

తెలుగు డీటీపీ 1990లలో అనూ స్క్రిప్ట్, శ్రీలిపి వంటి పరికరాలతో, పేజ్‌మేకర్ మీద పెరిగింది. ఆ రోజుల్లో ఒక ఫాంటులో పట్టే గళ్లు 256. తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు కలుపుకుంటే తెలుగుకు కావలసిన రూపాలు అంతకన్నా చాలా ఎక్కువ. అందుకని ఫాంటు తయారుచేసిన వాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. ఒళ్లు ఒక గడిలో, తలకట్టు ఇంకో గడిలో, వత్తు మరో గడిలో. ఆపరేటర్ కీ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఆ ముక్కలను పక్కపక్కన పేర్చి అక్షరంలా కనిపించేలా చేసేది. కళ్లకు అది తెలుగు. కంప్యూటర్‌కు అది లాటిన్ అక్షరాలు, గుర్తుల కుప్ప. ‘తెలుగు’ అన్న మాట కోసం వెతకమంటే దొరకదు, ఎందుకంటే అక్కడ ఆ మాట లేదు, దాని బొమ్మ ఉంది.

దీని ఫలితం సహరచన మీద సూటిగా పడింది. ఫాంటు తీసేస్తే పాఠం అర్థంలేని గీతలుగా మిగిలేది. అంటే ఇంగ్లిషులో విడివిడిగా ఉన్న పాఠం, రూపం అనే రెండు పొరలు తెలుగులో ఒకటే అయిపోయాయి. ఒక సంస్థ ఫాంటుకూ ఇంకో సంస్థ ఫాంటుకూ ముక్కల వరస వేరు కాబట్టి, ఒక కంపోజింగ్ సెంటర్‌లో చేసిన పుస్తకాన్ని ఇంకోచోట దిద్దాలంటే అదే ఫాంటు, అదే కీబోర్డు సాఫ్ట్‌వేర్ కావాలి. తొలినాళ్ల తెలుగు వార్తాపత్రికల వెబ్‌సైట్లు కూడా తలొక ఫాంటుతో నడిచేవి. వాటిని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు ‘పద్మ’ అనే పొడిగింపు వచ్చింది.

ఇదంతా వేరే మార్గం లేక కాదు. భారత ప్రమాణాల సంస్థ 1991లోనే ఇస్కీ సంకేతాన్ని ప్రమాణంగా తెచ్చింది. అందులో తెలుగు ‘క’కూ హిందీ ‘క’కూ ఒకే సంకేతం, లిపి మారితే చాలు. అదే ఏడు వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు 128 గళ్ల గది దొరికింది. ఇస్కీ వరసనే అది అనుసరించింది. కాకపోతే ఆ గదిలో అక్షరాలు ఉన్నాయి, వాటిని తెరమీద జోడించి చూపే యంత్రాంగం లేదు. విండోస్ ఎక్స్‌పీ (2001) గౌతమితో వచ్చేదాకా మామూలు కంప్యూటర్‌లో తెలుగు యూనికోడ్ చూడటం గగనమే. అప్పట్లో తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు చాలామందికి మొదటి మెట్టు. ఇంగ్లిషు కీబోర్డుతో టైపు చేస్తే తెలుగు వచ్చే ‘లేఖిని’ 2006లో రావడంతో అమెరికాలో ఉన్న రచయితకూ విజయవాడలో ఉన్న సంపాదకుడికీ మధ్య మొదటిసారి ఒకే తెలుగు నడిచింది.

కానీ ప్రెస్సులు కదల్లేదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు తెలియదు. దాని చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. అయినా ఆపరేటర్ల చేతులు దానికి, అనూ కీబోర్డుకు అలవాటుపడి ఉన్నాయి. వాళ్ల వేగం చూసిన వాళ్లెవరూ ఆ మొండితనాన్ని తప్పు పట్టరు. కాబట్టి రచయితలు యూనికోడ్‌లో రాస్తారు, ఆపరేటర్ దాన్ని అనూలోకి మార్చుకుంటాడు. అసలు అనర్థాలన్నీ ఈ మార్పిడి దగ్గరే పుడతాయి.

ఒక ఉగాది సంచిక పనిని దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది. ఒక వ్యాసం వర్డ్‌లో వచ్చింది, ఒక కవిత వాట్సాప్ సందేశంగా, ఒక జ్ఞాపకం పీడీఎఫ్‌గా. వాట్సాప్ కవితలో బొద్దు అక్షరాల కోసం కవి పెట్టిన నక్షత్రం గుర్తులు పాదాల చివర అలాగే ఉన్నాయి. వర్డ్ వ్యాసాన్ని మార్పిడి పరికరంలో వేసి పేజ్‌మేకర్‌లో అతికించి మొత్తానికీ అనూ ఫాంటు పెట్టగానే మధ్యలో ఉన్న ఇంగ్లిషు మాటలన్నీ పిచ్చి తెలుగైపోయాయి, ఎందుకంటే లాటిన్ అక్షరాల గళ్లలోనే తెలుగు ముక్కలున్నాయి. ఆపరేటర్ ఒక్కొక్క ఇంగ్లిషు మాటనూ పట్టుకుని మళ్లీ ఇంగ్లిషు ఫాంటు పెట్టాలి. ఒక్కటి తప్పిపోతే ఆ సంస్థ పేరో ఊరి పేరో అచ్చులో అర్థంలేని అక్షరాలుగా వస్తుంది. రచయిత పెట్టిన వాలు అక్షరాలు, బొద్దు అక్షరాలు దారిలోనే పోయాయి. సంపాదకురాలు వర్డ్‌లో మార్జిన్‌లో రాసిన వ్యాఖ్యలు ఇవతలికి రానేలేదు. ఇక్కడి నుంచి ప్రూఫు కాగితం మీదే తిరుగుతుంది. రచయిత దిద్దిన కాగితాన్ని ఫోటో తీసి పంపిస్తే ఆపరేటర్ చూసి టైపు చేస్తాడు. అంటే రచయిత దగ్గరున్న యూనికోడ్ ప్రతిలో ఆ దిద్దుబాట్లు ఎప్పటికీ పడవు. పుస్తకం వచ్చాక ఈబుక్ వేద్దామంటే రెండు ప్రతులు, రెండు పాఠాలు.

పీడీఎఫ్ జ్ఞాపకం కథ ఇంకా విచిత్రం. 1993లో అడోబీ తెచ్చిన పీడీఎఫ్ పేజీ ఎలా కనిపించాలో చెప్పడానికి పుట్టింది. రాసిన వరస గుర్తుంచుకోవడం దాని మొదటి పని కాదు. కాబట్టి తెలుగు పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే వత్తు ముందొచ్చి హల్లు తర్వాత రావడం, గుడి వేరే అక్షరం నెత్తిన పడటం మామూలే. అందులో అనూ ఫాంటు ఉంటే చెప్పనక్కర్లేదు. పీడీఎఫ్ చూడటానికే గానీ దిద్దటానికి పంపేది కాదని తెలుగు రచయితలకు మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది.

ఇన్‌డిజైన్ ఈ గోడను చాలావరకు కూల్చింది. 2012 నాటి సీఎస్6 నుంచి అందులో భారతీయ లిపుల కూర్పు ఉంది. అయితే పేరాకు ‘వరల్డ్ రెడీ’ కంపోజర్ ఎంచుకోవాలి. మామూలు కంపోజర్‌లో ఉంచేస్తే వత్తులు విడిపోయి పొల్లుతో తేలతాయి. ఆ చిన్న ఎంపిక తెలియక ‘ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదు’ అని వదిలేసి పేజ్‌మేకర్‌కు తిరిగెళ్లిన కార్యాలయాలు లేకపోలేదు.

యూనికోడ్ తర్వాత కూడా

అందరూ యూనికోడ్‌కు వచ్చేశాక గొడవ తీరిందనుకోవడం తొందరపాటు. మొదటిది విసర్గ. పాత ఫాంట్ల అలవాటులో చాలామంది ‘దుఃఖం’లో విసర్గ బదులు ఇంగ్లిషు కోలన్ టైపు చేస్తారు. కంటికి తేడా తెలియదు. వెతుకులాటలో మాత్రం దొరకదు. సున్న బదులు తెలుగు అంకె సున్నా పడటం ఇంకో రకం. రెండోది కంటికి కనిపించని, అక్షరాలను కలవనివ్వని గుర్తు. ‘రాజ్‌కుమార్’ అని పొల్లు నిలవాలంటే ‘జ్’కూ ‘కు’కూ మధ్య వెడల్పు లేని ఒక అక్షరం ఉండాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు అతికించేటప్పుడు దాన్ని చెత్త అనుకుని ఊడ్చేస్తాయి, పేరు ‘రాజ్కుమార్’ అవుతుంది. ఒకరి ప్రతిలో ఉండి ఇంకొకరి ప్రతిలో లేకపోతే రెండు ప్రతులను పోల్చే పరికరం ప్రతి పంక్తిలోనూ తేడా ఉందని ఎర్రగీతలు గీస్తుంది, మనిషి కంటికి ఒక్క తేడా కనిపించదు. ఐత్వానికి కూడా యూనికోడ్‌లో రెండు రాతలున్నాయి: ఒకే సంకేతంగా ఒకటి, ఎత్వం, దాని కింది గుర్తు కలిపి రెండు సంకేతాలుగా ఇంకొకటి. రెండూ సమానమేనని ప్రమాణం చెబుతుంది, అన్ని సాఫ్ట్‌వేర్లూ పాటించవు.

లెక్కల్లోనూ తేడాలున్నాయి. ‘స్త్రీ’ మన లెక్కలో ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో దాచితే 18 బైట్లు. వ్యాసం ఇన్ని అక్షరాలు మించకూడదని సంపాదకుడు రాస్తే ఏ లెక్కలో అన్నది ముందే అడగాలి. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో తెలుగు పాఠాన్ని ‘ఆన్సీ’గా దాచితే హెచ్చరిక వచ్చేది. దాన్ని చదవకుండా సరేననేస్తే సంకేతానికొక ప్రశ్నార్థకం మిగిలేది. ఆ ప్రశ్నలకు జవాబు లేదు, ఫైలు పోయినట్టే. 2019లో విండోస్ 10లో నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8ను సహజ ఎంపికగా పెట్టుకున్నాక ఈ ప్రమాదం తగ్గింది.

ఒకే తెర మీద

ఫైళ్లు పంపుకోవడమే మానేసి అందరూ ఒకే ప్రతి మీద కూర్చుంటే ఎలా ఉంటుందని 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసి చూపించాడు. అది ఇళ్లకు చేరడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. రైట్లీ అనే వెబ్ రచనా పరికరాన్ని గూగుల్ 2006లో కొన్నాక గూగుల్ డాక్స్ వచ్చింది. వర్డ్‌లో సహరచన 2010 కూర్పుతో మొదలై, ఎదుటివాళ్లు టైపు చేస్తున్నది వెంటనే కనబడటం 2016 కూర్పుకు వచ్చింది.

దీని వెనక ఉన్న సమస్య సులువుగా చెప్పొచ్చు. ‘రాముడు వచ్చాడు’ అన్న వాక్యం ముందు ఒకరు ‘నిన్న’ చేర్చారు. అదే క్షణంలో ఇంకొకరు ఎనిమిదో స్థానం దగ్గర ఏదో చెరిపారు. మొదటి మార్పు వల్ల ఎనిమిదో స్థానం ఇప్పుడు ఎనిమిదోది కాదు. ఎల్లిస్, గిబ్స్ 1989లో ప్రతిపాదించిన క్రియా రూపాంతరణం అనే పద్ధతి రెండో మార్పు స్థానాన్ని మొదటి మార్పును బట్టి సవరిస్తుంది. తర్వాత వచ్చిన సీఆర్‌డీటీ పద్ధతి స్థానాలు లెక్కపెట్టడం మానేసి ప్రతి అక్షరానికీ చెరగని గుర్తింపు ఇస్తుంది. ఈ లెక్క తెలుగులో సంకేతాల మీద నడుస్తుంది, మన అక్షరాల మీద కాదు. అందుకే సహచరుడు ‘స్త్రీ’ టైపు చేస్తుంటే మన తెర మీద ముందు ‘స’, తర్వాత ‘స్’, తర్వాత ‘స్త’ అని అక్షరం కళ్ల ముందే రూపం మార్చుకుంటూ పెరుగుతుంది.

వేర్వేరు సాఫ్ట్‌వేర్ల సమస్య ఇక్కడ తీరలేదు, చోటు మారింది. అందరూ ఒక సంస్థ సర్వర్‌లోకి రావాలి. గూగుల్ డాక్స్‌లో ఉన్నదాన్ని డాక్స్‌గా దించుకుని దిద్ది తిరిగి ఎక్కిస్తే అది కొత్త పత్రమే. పాతదాని చరిత్ర పాతదానితోనే ఉండిపోతుంది.

సాదా పాఠం

శాస్త్రవేత్తలు, ప్రోగ్రామర్లు వేరే దారి పట్టారు. పాఠాన్ని ఏ అలంకారం లేని అక్షరాలుగా ఉంచి, శీర్షిక ఇది, వాలు అక్షరం ఇది అని చిన్న చిన్న గుర్తులు పెడతారు. గణితం ఎక్కువుంటే లేటెక్, లేకపోతే జాన్ గ్రూబర్ 2004లో రూపొందించిన మార్క్‌డౌన్. ఎవరికి నచ్చిన ఎడిటర్ వాళ్లు వాడుకోవచ్చు, దిద్దుబాట్ల చరిత్రను గిట్ అనే పరికరం చూసుకుంటుంది. వర్డ్ మాత్రమే వాడే సహచరుడి కోసం జాన్ మాక్‌ఫార్లేన్ 2006లో మొదలుపెట్టిన పాన్‌డాక్ మార్క్‌డౌన్‌ను డాక్స్‌గా మార్చిస్తుంది, ఆయన దిద్ది పంపినదాన్ని వెనక్కి తెస్తుంది. జీటెక్ అనే కూర్పు యంత్రం పుణ్యమా అని లేటెక్‌లో యూనికోడ్ తెలుగు నేరుగా నడుస్తోంది. ఇది అన్నిటికంటే గట్టి దారే, కానీ కథకులకు చెబితే నవ్వుతారు. గుర్తులు పెట్టుకుంటూ కథ రాయమనడం వంట చేసేటప్పుడు గరిటెల లెక్క రాయమన్నట్టుంటుంది.

కార్యాలయాల్లో ఎక్కువగా పనిచేసే పద్ధతి ఇంత ఖచ్చితమైనది కాదు. ఒకరిని ప్రతికి యజమానిగా పెట్టుకుంటారు. మార్పులు అందరూ పంపుతారు, ఎక్కించేది ఆ ఒక్కరే. పాఠం ఖరారయ్యేదాకా రూపం జోలికి వెళ్లరు. లేఅవుట్‌లోకి ఎక్కాక వచ్చే దిద్దుబాట్లను లేఅవుట్‌లో ఒకసారి, యూనికోడ్ ప్రతిలో ఒకసారి రాస్తారు. చివరిదే అందరూ ఎగ్గొట్టే పని, ఎందుకంటే పుస్తకం అచ్చుకు వెళ్లాల్సిన రోజు అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ఆ ఎగ్గొట్టిన పని బాకీ రెండో ముద్రణ నాడు తీర్చాల్సి వస్తుంది. పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా తెరవగలిగిన ఇన్‌డిజైన్ కూర్పుల్లో సీఎస్6 చివరిది. అందుకని కొన్ని ప్రచురణ సంస్థల్లో విండోస్ ఎక్స్‌పీ నడిచే ఒక పాత కంప్యూటర్‌ను మూలన ఉంచి కాపాడుకుంటూ వస్తున్నారు. అది కూడా చెడిపోతే పాత పుస్తకాన్ని ముందు పెట్టుకుని మొదటి పేజీ నుంచి మళ్లీ టైపు చేయిస్తారు. అచ్చయిన తప్పులను దిద్దుతూ, కొత్త తప్పులు చేరుస్తూ.